తువ్వాలు కింది వేలు

“ఆ గుడ్డి వాచీలాయన పోయినాడంట సారూ, తెలిసిందా?” అన్నాడు చింతామణి బస్టాండు పక్క టీ అంగడాయన, గ్లాసు నా చేతికిస్తూ.

నాకు తెలియదు. ఎప్పుడని అడిగాను. నాలుగు రోజులైందట, మదనపల్లె దగ్గర కూతురింట్లో, నిద్రలోనే పోయాడట.

“ఆయన గుడ్డోడు కాదప్పా,” అన్నాను.

“అదేంది సారూ అట్లంటావు? ఆయనకు కండ్లు పోయినాయని మాకు చెప్పింది నువ్వే కదా! ఇదే బెంచీ మీద కూచ్చోని చెప్తివి.”

నిజమే. ఆ బెంచీ మీదే చెప్పాను. ఆ రోజు కూడా చేతిలో టీ గ్లాసు ఉంది.

ముందు నా సంగతి చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. నేను రేష్మె ఇలాఖెలో, అంటే పట్టు పరిశ్రమ శాఖలో, ఆఫీసరుగా రిటైరయ్యానని ఊళ్ళో అందరికీ చెబుతాను. రిటైరయింది గుమాస్తాగా. పాత వాచీల మంచిచెడ్డలు చూడడంలో బెంగళూరు దాకా నా అంతవాడు లేడని చెబుతాను. నాకు తెలిసిందంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే, అందులో సగం మరిచిపోయాను. ఇక్కడ రాసేది మాత్రం పెంచి రాయను. అలవాటు కొద్దీ ఎక్కడైనా పెంచితే వెంటనే దించేస్తాను.

బస్టాండు ఎదురుగా ఒక బట్టలంగడి ఉంది. దాని మేడమెట్ల కింద ఉండేది ఆయన చెక్కపెట్టె. దాన్నే అందరూ వాచీ అంగడి అనేవాళ్ళు. లోపలికి దూరి కూర్చుంటే మోకాళ్ళు రెండూ చెక్కలకు తగిలేవి. మెట్లెక్కేవాళ్ళ చెప్పుల చప్పుడంతా ఆయన నెత్తిన పడేది. సన్నపని మీద ఉన్నప్పుడు ఎవరైనా ధనధనమని ఎక్కితే, పళ్ళెంలో విప్పి పెట్టిన సామాన్ల మీద గాజుగ్లాసు బోర్లించి, వాళ్ళు పైకి చేరేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కనాడూ కోప్పడింది లేదు. “పెండ్లి బట్టలకు పోతాండారు, పోనీ” అనేవాడు.

కంటి గుంటలో ఒక నల్లటి భూతద్దం ఇరికించుకుని ఉండేవాడు. చేత్తో పట్టుకునే పని లేదు, కనుబొమ్మ కిందికి దించితే అది అక్కడ నిలిచిపోయేది. ఎవరైనా పలకరిస్తే దాన్ని తీయకుండానే తలెత్తేవాడు. అప్పుడు ఆయన కన్ను ఒకటి కోడిగుడ్డంత, ఇంకొకటి మామూలుగా కనిపించేది. ఊపిరి వాచీ మీద పడకుండా మూతి పక్కకు తిప్పి వదిలేవాడు. కొత్తవాళ్ళు చూసి, ఈ ముసలాయన మనల్ని చూసి విసుక్కుంటున్నాడేమోనని నొచ్చుకునేవాళ్ళు.

ఆయన చేతికి వాచీ లేదు. ఎందుకని అడిగితే, “మిఠాయంగడోడు పొద్దుగూకులూ మిఠాయి తింటాడా?” అనేవాడు. చుట్టూ నలభై వాచీలు వేలాడుతున్నా (నలభై కాదు, పన్నెండో పదమూడో), టైమెంతయిందని అడిగితే రోడ్డు వైపు చూసి చెప్పేవాడు. “బాగేపల్లి బస్సు తిరుక్కుంటాండాది. పదీ ఇరవై.”

మొదటిసారి నేను ఆయన దగ్గరికి పోయింది మైసూరు సంస్థానంలో ఒక దివాను తొడిగిన స్విస్ వాచీ పట్టుకుని. అంటే, అట్లని చెప్పాను. అది చాకవేలులో బస్సు దిగినచోట దువ్వెనలూ అద్దాలూ అమ్మేవాడి దగ్గర రెండు వేలకు కొన్నది. డయలు అప్పుడే పితికిన పాలలాగా తెల్లగా ఉంటే మనసు పారేసుకున్నాను.

ఆయన డయలు వైపు చూడనే లేదు. అందుకోవడమే బోర్లా అందుకుని, అరచేతిలో వెల్లకిలా పడిన పురుగును చూసినట్టు చూశాడు.

“మొఖం సూడవా అన్నా?” అన్నాను.

“మా నాయన ఈ ఊరి సంతలో ఎద్దుల దళారి సారూ. ఎద్దు కొమ్ముకు ఏం రంగేసినారని ముందర సూస్తాండ్లే. పండ్లు సూస్తాండె.” అని, చిన్న చాకుతో వెనక మూత తీసి, భూతద్దం నా చేతికిచ్చాడు. “ఇవిగో, దీని పండ్లు సూడు. స్క్రూల నెత్తి మీద గాడి ఎట్లుండాది?”

“కొరికినట్లుండాది.”

“కదా? పనిమంతుడు తెరిచినదైతే గాడి నున్నగా ఉంటాది. దీన్ని వచ్చినోడల్లా కెలికినాడు. లోపల ఏది తీసి ఏది పెట్టినారో దేవునికే తెలుసు. ఇంగ ఈ మూత లోపలి పక్క సూడు. ఏమన్నా గీతలుండాయా?”

ఏమీ లేవని చెప్పాను.

“అదే! ప్రతి రిపేరోడూ తన గురుతుకు సూదితో ఒక గీత గీస్తాడు. ముసిలి వాచీ అంటే అయిదారు గీతలుండల్ల. ఇది ఒక డాక్టరు మొఖమూ సూడలేదంటే, ఈ మూత దీనిది కాదు.”

తర్వాత చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. వాచీని వెల్లకిలా పెట్టి ఒకసారి, బోర్లా పెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి విన్నాడు. “మలుపుకొక గొంతు మారుస్తాండాది,” అన్నాడు. అంతా అయినాక, ఇష్టం లేని పెళ్ళికూతుర్ని చూసినట్టు డయలు చూశాడు. “రంగేసినారు. అక్షరాలు ఉబ్బినాయి సూడు, నిమిషాల గీతలు అంకెలకు తగల్లేదు. ముసిలిదానికి మొఖాన మచ్చలుండల్ల సారూ. లేదంటే యాడో మోసముండాది.”

“అయితే ఎంత చేస్తాది?”

ఆయన చుట్టూ చూశాడు. ఇద్దరు ఎవరో తమ వాచీల కోసం నిలబడి ఉన్నారు. భుజం మీది తువ్వాలు లాగి తన చేతి మీద కప్పుకుని, “చెయ్యియ్యి సారూ,” అన్నాడు.

పశువుల సంతలో బేరం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, మొత్తం పిడికిలి పట్టుకుంటే అయిదు. తర్వాత మణికట్టు మీద నొక్కితే అవి వందలు. అరచేతి నడుమ బొటనవేలితో నొక్కితే వేలు. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది. సంతల్లోనే ఆ పద్ధతి తగ్గిపోతున్న రోజుల్లో, వాచీకి దాన్ని పెట్టినవాడు ఆయనొక్కడే.

నా చూపుడువేలు పట్టుకుని, మణికట్టు మీద నొక్కాడు. వంద రూపాయలు.

నేను చెయ్యి బయటికి తీసి, నిలబడ్డ ఇద్దరి వైపూ తిరిగి, “సూసినారా, ధర చెప్పడానికి పెద్దాయనకే నోరు రాలేదు!” అన్నాను. ఆయన ఎండలో పెట్టిన ఊరగాయ జాడీలాగా కదలకుండా కూర్చున్నాడు. వాళ్ళు పోయినాక, ఎందుకు నా అబద్ధం బయటపెట్టలేదని నేనే అడిగాను.

“చెయ్యి మాట్లాడినాంక నోరు మాట్లాడగూడదు. మా నాయన మాట. తువ్వాలు కిందిది ఒక్కతూరి బయట పెడితిమా, ఇంగ జన్మలో ఎవురూ మనకు చెయ్యియ్యరు.” వాచీ మూత బిగిస్తూ మళ్ళీ అన్నాడు. “ఈడికి అమ్మేదానికి వచ్చేవాళ్ళు శానామంది పోయినోళ్ళ వాచీలు తెస్తారు సారూ. మా నాయనది, మా ఆయనది అంటా. అందరి ముందరా ఇది నూరు రూపాయలదని ఎట్లనేది? పోయినాయనకు వెల కట్టినట్లుంటాది.”

ఆ మాటతో నేను ఆయనకు శిష్యుణ్ణయ్యాను. సంత రోజున ఆ పెట్టె ముందర ఒక స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరైనా పాత వాచీ అమ్మడానికి తెస్తే ఆయన చూసేవాడు, తువ్వాలు కింద నాకు చెప్పేవాడు, ఆ ధర నేను పైకి చెప్పి నచ్చితే కొనుక్కునేవాణ్ణి. ఆయన తీసుకునేది ఒక టీ. బాగున్న వాచీని బాగుందనేవాడు కాదు. “బాగా సాకినారు” అనేవాడు, మేకపిల్ల గురించి అన్నట్టు. మరీ పోలిష్ పట్టించి అంచులు అరిగిపోయినదాన్ని చూస్తే, “సబ్బుబిళ్ళ చేసేసినారే తల్లీ నిన్ను!” అని దానితోనే మాట్లాడేవాడు. బాగయ్యే ఆశ లేనిదాన్ని కూడా వెంటనే ఇచ్చేసేవాడు కాదు. కాసేపు ఒళ్ళో పెట్టుకుని ఉండి, అప్పుడు ఇచ్చేవాడు.

ఇంతవరకూ రాయడం సులభంగానే ఉంది.

పదేళ్ళ కిందటో ఇంకాస్త ముందో, ఎండాకాలం, ఒక సంత రోజు మధ్యాహ్నం బట్లహళ్ళి నుంచి ఒక ఆమె వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. ప్లాస్టిక్ కవరులో చేతిగుడ్డ, ఆ గుడ్డలో వాచీ. వాళ్ళ మామగారిదట. ఆయన కోలారు గనుల్లో పనిచేసినప్పుడు ఎవరో దొర ఊరు విడిచిపోతూ ఇచ్చిపోయాడట.

“మోటరు కాలిపోయిందప్పా,” అంది ఆమె, ఎవరూ అడక్కుండానే. “టమాటా గిడలు పూతమీదుండాయి. నాలుగు దినాల్లో నీళ్ళు పారకుంటే ఇంగ అంతే. మోటరు సరిచేసేదానికి ఏడు వేలు అడుగుతాండారు. మా మామ బతికుండంగా అంటాండె, కష్టమొస్తే దీన్ని చింతామణిలో మెట్ల కింద కూచ్చునే ఆయన దగ్గరికి తీసుకపో, ఇంగెవురికీ చూపియ్యద్దు అని.”

ఆయన వాచీని బోర్లా అందుకున్నాడు. మూత తీశాడు. భూతద్దంలో చూస్తూ చూస్తూ చిన్నపిల్లవాడిలా నవ్వాడు. “ఏడు గీతలుండాయి. ఈ అయిదోది నాది! మీ మామ తెచ్చినాడమ్మా, నల్లగా పొడుగ్గా, చెవికి పోగు. అవునా?” ఆమె అవునంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్క్రూలు మెరుస్తున్నాయి. డయలు పాత పుస్తకం రంగుకు తిరిగి, నాలుగు అంకె దగ్గర తుప్పు చుక్కలు. కీ ఇచ్చి చూశాడు. “పాలావును పితికినట్లు వస్తాండాది,” అన్నాడు. మూడు పక్కలా తిప్పి విన్నాడు, నా చెవికి కూడా ఆనించాడు. “విను సారూ. ఎట్ల తిప్పినా ఒగటే గొంతు.” తర్వాత ఆమె వైపు తిరిగి, “బాగా సాకినారమ్మా,” అన్నాడు.

నన్ను చెయ్యియ్యమన్నాడు.

తువ్వాలు కింద పిడికిలి మొత్తం పట్టుకున్నాడు. వదిలి మూడు వేళ్ళు పట్టుకున్నాడు. ఎనిమిది. తర్వాత అరచేతి నడుమ బొటనవేలితో నొక్కాడు. ఇంకోసారి, ఇంకా గట్టిగా నొక్కాడు. నన్ను ఎరిగినవాడు కాబట్టే రెండోసారి నొక్కాడని ఇప్పుడనిపిస్తుంది.

నా జేబులో ఆ రోజు తొమ్మిది వేలున్నాయి. లేక చేసిన పని కాదు. ఏదైనా మంచి వాచీ వస్తే కొందామనే బ్యాంకు నుంచి తీసుకుని వచ్చాను.

నేను ఆమె వైపు తిరిగాను. “ఎనిమిదినూర్లంటాండాడమ్మా పెద్దాయన. నీ కష్టం సూసి నేను తొమ్మిదినూర్లిస్తాలే,” అన్నాను.

ఆ పైన వేసిన వంద ఉందే, రాత్రిళ్ళు నన్ను లేపేది ఎనిమిది వేలు కాదు, ఆ వంద.

ఆయన కంటిలోంచి భూతద్దం జారి ఒళ్ళో పడింది. అది జారిపడడం నేను చూడడం అదే మొదటిసారి. ఆమె ఆయన్నే చూస్తోంది. “అంతేనా అప్పా?” అంది. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. నా వైపు చూశాడు, నేను చెబుతానేమోనని. నేను జేబులో చెయ్యి పెట్టి నోట్లు లెక్కపెడుతున్నాను.

“ఇంగో చోట అడిగి సూడమ్మా,” అన్నాడు చివరికి.

“నువ్వు చెప్పినాంక ఇంగ యాడ అడిగేదప్పా?” అంది ఆమె. తొమ్మిది వందలూ చేతిగుడ్డలో కట్టుకుని, ఆయనకు దండం పెట్టి పోయింది.

ఆయన తువ్వాలు దులిపాడు. భుజాన వేసుకోలేదు, మడిచి కూర్చున్న పలక కింద పెట్టేశాడు. నాకు అక్కడ నిలబడడం కష్టమైంది. “అన్నా, నాకు వేలు సరిగా తగల్లేదు. నూర్లనుకుంటి,” అన్నాను.

ఆయన భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకుని పని మీదికి వంగి, “సాకప్పా,” అన్నాడు.

మా సీమలో ఒక నోట్లోనే రెండు భాషలూ దొర్లుతాయి. కన్నడంలో ఆ మాటకు ఇక చాలని అర్థం. తెలుగులో అయితే నెపం అని. ఆయన ఏ భాషలో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే మొహమూ లేకపోయింది. రెండు అర్థాలూ నాకు సరిపోతాయి. వేలికీ వేలకూ తేడా తెలియనివాణ్ణి కాను నేను.

అక్కడితో ఆగినా బాగుండేది. నాలాంటివాడికి దొరికిన వస్తువు కంటే దాని గురించి చెప్పుకోవడంలోనే రుచి ఎక్కువ. రెండు నెలల తర్వాత బాగేపల్లిలో ఒక పెళ్ళికి ఆ వాచీ తొడుక్కుని పోయాను. పంక్తిలో పక్కవాడికి చెయ్యి ఎత్తి చూపించి, “అరవై వేలది. తొమ్మిది నూర్లకు కొట్టేసినా. బట్లహళ్ళి ఆమె, పాపం, దానికేం తెలుసు! ఆ మెట్ల కింద పెద్దాయనే ఇప్పించినాడు,” అన్నాను. అది అరవై వేలది కానే కాదు. అయినా చెప్పాను. మూడు ఆకుల అవతల భోంచేస్తున్నవాడు ఆమె తమ్ముడు.

మర్నాడు అతను చింతామణికి వచ్చాడు. నేను రోడ్డుకు ఈ పక్కన టీ బెంచీ మీద ఉన్నాను. అతను ఆ పక్కన మెట్ల కింద వంగి అరుస్తుంటే బస్టాండంతా వినబడింది.

“ఏం ముసిలోడా! మా అక్క నిన్ను నమ్ముకోని వస్తే తొమ్మిదినూర్లకా ఇప్పిచ్చేది? అరవై వేలంట అది! వాటా ఎంత తింటివి? మోటరు చేపిచ్చలేక తోటంతా ఎండిపోయింది, తెలుసా నీకు?”

జనం మూగారు. బట్టలంగడి మెట్ల మీద ఆడవాళ్ళు ఆగిపోయి కిందికి తొంగిచూశారు. ఆయన పెట్టెలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. రోడ్డుకు ఆ పక్క నుంచే నా వైపు చూశాడు. బస్సు బోర్డులోని అక్షరాలు ఊరి చివర నుంచే చదివే మనిషి, నన్ను చూడలేదనుకోవడానికి లేదు. ఆయన చెయ్యెత్తి నా వైపు ఒక్క వేలు చూపిస్తే చాలు. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

“తప్పు నాదే నాయనా,” అన్నాడాయన. “కన్ను తప్పింది. వయసయింది, మసకలు. సరిగా కనబడ్లేదు.”

ఆ కుర్రవాడు కొట్టడానికే వచ్చినట్టున్నాడు. కళ్ళు కనబడని ముసలివాణ్ణి ఏం కొడతాడు? “కనబడకుంటే అంగడి మూసుకోని ఇంట్లో పడుండు! జనాల కొంపలు తియ్యద్దు,” అని వెళ్ళిపోయాడు.

బెంచీ మీది వాళ్ళు నన్ను అడిగారు. “నిజమేనా సారూ? నువ్వు ఆయన పక్కనే కూచ్చుంటావు కదా.”

ఊరికే ఉండవచ్చు. అవునని తలూపి వదిలేయవచ్చు. నేను గ్లాసు కింద పెట్టి, “రెండు కండ్లకూ శుక్లాలప్పా,” అన్నాను. “రెండేండ్లుగా చెప్తానే ఉండా, ఆపరేషను చేపిచ్చుకో, ఖర్చు నేను పెట్టుకుంటానని. వింటేనా? మొన్న గంటల ముల్లు ఏదో నిమిషాల ముల్లు ఏదో నన్నే అడిగినాడు.”

ఆ చివరి మాటకు అందరూ అయ్యో అన్నారు. మంచి మాట పడినప్పుడు నాకే తెలుస్తుంది. ఆ వారంలో ఆ మాట ఇంకో నాలుగు చోట్ల చెప్పాను.

తర్వాత ఆయన దగ్గరికి చేతివాచీలు రావడం తగ్గింది. వెంట్రుకకన్నా సన్నని స్ప్రింగును ఊపిరి బిగబట్టి సరిచేసే మనిషికి గోడగడియారాలు తెచ్చిచ్చేవాళ్ళు. “ఇవైతే పెద్దగా ఉంటాయి, నీకు కనబడతాయిలే పెద్దాయనా” అనేవాళ్ళు. ప్రేమతోనే అనేవాళ్ళు. ఆయన “సరే నాయనా” అని తీసుకునేవాడు. తర్వాత అవీ తగ్గి, సెల్లులు వేయడం, బెల్టులు మార్చడం మిగిలింది. ఒకనాడు నేను తలవంచుకుని రోడ్డుకు ఈ పక్క నుంచి పోతుంటే ఆ పక్క నుంచి పిలిచాడు.

“సారూ! మూడో గుండీ నాలుగో కాజాలో పెట్టుకున్నావు!”

చూసుకుంటే నిజమే. చుట్టూ అంతమంది ఉన్నారు, ఆయనకు కళ్ళు లేవని నమ్మినవాళ్ళే అందరూ. ఒక్కరూ ఆ మాట పట్టించుకోలేదు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. గుండీ తప్పింది, చెప్పాడు, అంతే. నేను అక్కడే నిలబడి చొక్కా సరిచేసుకుని పోయాను.

ఆయన అంగడి మూసి కూతురి ఊరికి పోయిన రోజున నేనే సంచి మోసి బస్సెక్కించి టిక్కెట్టు తీశానని చాలామందికి చెప్పాను. తీయలేదు. బస్సు పోయినాక బస్టాండుకు వచ్చాను.

ఆయన పోయాడని తెలిసిన మర్నాడు వాచీ తీసుకుని బట్లహళ్ళికి పోయాను. పెళ్ళి తర్వాత దాన్ని చింతామణిలో తొడుక్కోవడానికి చెయ్యి రాలేదు, అమ్మడానికీ చెయ్యి రాలేదు, బీరువాలో ఉండిపోయింది. పోయినాయనకు ఏమీ ఇవ్వలేను. కళ్ళు పోయినవాడన్న పేరైనా ఆయన మీంచి తీసేయాలి. ముందు ఆ ఇంట్లో తీసేస్తే మిగతా ఊరికి అదే పాకుతుందని నా లెక్క.

ఆమె అరుగు మీద కూర్చుని టమాటాలు ఏరుతోంది. జుట్టు నెరిసింది. తమ్ముడు పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళిచ్చారు. వాచీ ఆమె ముందర పెట్టాను. బస్సులో పాఠంలా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పేశాను.

“అమ్మా, మెట్ల కింద పెద్దాయన పోయినాడు. ఆపొద్దు ఆయన నాకు చెప్పింది ఎనిమిది వేలు. ఎనిమిది నూర్లని నీకు చెప్పింది నేను. ఆయన కండ్లకు ఏమీ కాలేదు. దొంగతనం చేసింది నేను.”

ఆమె నన్నూ వాచీనీ మార్చి మార్చి చూసింది. తమ్ముడు సుత్తి కింద పెట్టి నవ్వాడు.

“ఏం సారూ, అరవై వేలంటివే పెండ్లిలో? ఇప్పుడు ఎనిమిది వేలా? రేపు ఎంతంటావు?”

“అది అబద్ధం నాయనా. ఇది నిజం.”

“నీకు అబద్ధానికీ నిజానికీ గీత యాడుండాదో ఎవురికి తెలుసు సారూ! రేష్మె ఆఫీసరుగా ఉంటినంటావు. నాకు పిల్లనిచ్చిన మామ నీ ఆఫీసులోనే పని చేసె.”

“నువ్వు ఊరకుండరా,” అని ఆమె తమ్ముణ్ణి కసిరి, నా వైపు తిరిగింది. “ఆయనే వచ్చినాడు సారూ మా ఇంటికి. వీడు పోయి అరిచొచ్చిన మర్దినమే. నువ్వు కూచ్చున్న తావులోనే కూచ్చున్నాడు. నా కన్ను తప్పిందమ్మా, నీ తోట ఎండిపోయిందంట, మన్నించు అన్నాడు. ముసిలాయన, ఎండలో నడిచొచ్చి చెప్పినాడు. ఆయన అబద్ధం చెప్తాడా?”

“ఆ ఒక్కటీ అబద్ధమే చెప్పినాడమ్మా. నా కోసరం.”

“నీ కోసరం ఎందుకు చెప్తాడప్పా? నువ్వు ఆయనకేమవుతావు?”

తువ్వాలు సంగతి, వాళ్ళ నాయన మాట, చెయ్యి మాట్లాడినాక నోరు మాట్లాడకూడదన్న కట్టు, అన్నీ చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. వినేకొద్దీ ఆమె మొహం మెత్తబడింది. నేను చెబుతున్నది ఒకటి, ఆమెకు చేరుతున్నది ఒకటి అని నాకు అర్థమవుతోంది, ఆపడం మాత్రం చేతకాలేదు. నా కండ్ల మీద ఒట్టు అన్నాను. మా వంశం మీద ఒట్టు అన్నాను. ఒట్టు వేసిన ప్రతిసారీ ఆమెకు నేను ఇంకాస్త మంచివాణ్ణయిపోతున్నాను.

“సాలు సారూ, ఇంగ చెప్పద్దు,” అంది కళ్ళు తుడుచుకుని. “పోయినాయనకు మాట రాగూడదని ఆయన తప్పు నీ నెత్తినేసుకుంటాండావు. అంతేకాక, దుడ్డు పెట్టి కొనుక్కున్న వాచీ కూడా తెచ్చిస్తాండావు. ఈ కాలంలో ఎవురు చేస్తారప్పా ఇట్ల?”

తమ్ముడు కూడా నవ్వు ఆపేశాడు. “పెండ్లిలో ఏమో అనుకుంటి సారూ,” అన్నాడు తలదించుకుని.

ఆమె లోపలికి కేకేసి కాఫీ తెమ్మంది. కోడలు గ్లాసు తెచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఆ అమ్మాయికి ఈ కథ ఏమీ తెలియదు. “ఈ సారు కాళ్ళకు మొక్కు. ఇట్లాంటోళ్ళు మళ్ళీ దొరకరు,” అంది అత్త. ఆ అమ్మాయి కొంగు సర్దుకుని వంగింది.

కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. ఒక్క క్షణం ఆలస్యంగా లాక్కున్నాను.